బీరువాలో ముగ్గురు

రోజూ తొమ్మిదికి పది నిమిషాల ముందు ఆమె ఆ బీరువా తలుపు మీద రెండుసార్లు తడుతుంది. గట్టిగా కాదు. పరాయివాళ్లింటికి వెళ్లినప్పుడు, లోపల మనిషి ఏ పనిలో ఉందోనని మొహమాటంగా తట్టినట్టు. ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే తాళం తీస్తుంది.

లోపల ఉండేది అస్థిపంజరం. చక్రాల స్టాండుకు వేలాడుతూ ఉంటుంది. పక్కటెముకల మీద దుమ్ము తుడిచి, మెల్లగా బయటికి లాగి, డ్రాయింగ్ హాలు నడిమధ్య సుద్దతో గీసిన గుర్తు మీద నిలబెడుతుంది. చుట్టూ అర్ధచంద్రంలా ముప్పై రెండు స్టూళ్లు వేస్తుంది. పిల్లలు వచ్చేసరికి హాలు సిద్ధం. వాళ్లు కూర్చుని బొగ్గు పెన్సిళ్లు తీస్తారు, ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ గీస్తారు. ఆ బొమ్మల కాలేజీలో మొదటి ఏడాది చదువంతా అదే. ఎముక తెలిస్తేగాని ఒళ్లు గీయడం రాదని పెద్ద మాస్టార్లు చెబుతారు.

ఆమె ఆ హాలుకు అటెండరు. ఇరవై మూడేళ్ల సర్వీసు. అందరూ ఎముకలక్క అంటారు. కాలేజీలో చేరిన కొత్తలో ఆ పేరంటే ఒళ్లు మండేది. ఇప్పుడు అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఎవర్నో అనుకుంటుంది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఇంటికి రాగానే వేళాకోళం మొదలుపెడతాడు.

"ఏమే, నీ సవతి ఎలా ఉంది? ఏమైనా తిన్నదా ఇవాళ?"

"నీకంటే నయం. అడిగినచోట నిలబడుతుంది, నోరెత్తదు."

రిజిస్టరు బయటపడేదాకా వాళ్లింట్లో అది నవ్వుకునే మాటే.

*

రిజిస్టరును బయటికి తెచ్చింది మైకు పిల్ల. చివరి ఏడాది విద్యార్థిని. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. గొంతు మాత్రం మైకు అక్కర్లేకుండా మూడో అంతస్తుకు వినబడుతుంది. ప్రాజెక్టు కోసమని కింద గదిలో పాత పుస్తకాలన్నీ తిరగేసి, ఒకరోజు దుమ్ముకొట్టుకుపోయిన రిజిస్టరొకటి తెచ్చి, క్లాసు మధ్యలో నిలబడి చదివింది.

"నంబరు పదిహేడు. స్త్రీ. వయసు సుమారు ముప్పై. మిల్లు కూలి. ఆసుపత్రిలో మరణం. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు."

అంతే, ఆరు ముక్కలు. చదివి, ఎదురుగా వేలాడుతున్న పదిహేడో నంబరు వైపు చూసి, ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నటన కాదది. ఎముకలక్క తలుపు దగ్గర నిలబడి చూసింది. నటించే ఏడుపులో ముక్కు అంత ఎర్రబడదు.

మర్నాటికి గోడలన్నీ పోస్టర్లే. 'ఆమెను ఎవరు అడిగారు?' ఇక ఆ అస్థిపంజరాన్ని గీయకూడదు, గౌరవంగా పూడ్చిపెట్టాలి, కాలేజీ ముందు హాల్లో ఆమె చిత్రపటం పెట్టాలి, ఎవరి శరీరాలు ఎవరి చదువుకు పనికొచ్చాయో చెప్పే కొత్త పాఠం పెట్టాలి. ఇవన్నీ అడిగినవాళ్లు పచ్చ రిబ్బను ముక్క చొక్కాకు గుచ్చుకున్నారు. కొందరు మాస్టార్లు కూడా గుచ్చుకున్నారు.

అటువైపు హెడ్డు సారు. డ్రాయింగ్ శాఖకు అధిపతి. తెల్ల జుట్టు, చేతి వేళ్లకు ఎప్పుడూ బొగ్గు మరక. ఆయనా ఆ కాలేజీలోనే చదువుకున్నాడు, ఆ అస్థిపంజరాన్నే గీశాడు. "ఇవాళ ఎముకలు వద్దంటారు. రేపు గోడమీది పాత బొమ్మలు దించమంటారు. ఎల్లుండి మనిషిని గీయాలంటే తీర్మానం కావాలంటారు. గీయడం నేర్చుకోడానికి వచ్చారా, తీర్పులు చెప్పడానికి వచ్చారా?" అని స్టాఫ్ మీటింగులో బల్ల గుద్దాడట. ఆయన కోపమూ దొంగది కాదు. ఆ హాలే ఆయన జీవితం.

రెండు వారాల్లో కాలేజీ నిట్టనిలువునా చీలింది. క్యాంటీన్‌లో టీ క్యూలు రెండయ్యాయి. పదేళ్లుగా ఒకే స్కూటరు మీద వచ్చే ఇద్దరు మాస్టార్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. పేపర్లవాళ్లు వచ్చారు. ఎవరు ఏ మాట అన్నా ఆ మాట వెనక ఇంకేదో ఉందని రెండోవాళ్లు వెతికేవారు.

"ఎముకలక్కా, నువ్వెటు?" అని క్యాంటీన్ మాస్టరు అడిగాడు.

"నేను హాలు ఊడ్చే వైపు అన్నా. రెండు పక్కలా చెత్త ఒకేలా ఉంటుంది."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పూడ్చిపెట్టడమన్న మాట విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. పదిహేడో నంబరు ఒక్క మనిషి కాదని ఆ కాలేజీ మొత్తంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

*

ఇరవై రెండేళ్ల కిందటి మాట. అప్పటికింకా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఒళ్లో మూడు నెలల కూతురు. సెలవుల్లో హాలుకు సున్నం వేయిస్తుంటే అస్థిపంజరాన్ని పక్క గదికి జరపమన్నారు. గడప దగ్గర చక్రం ఇరుక్కుంది. ఒక్క గుంజు గుంజింది. పైన కొక్కెం ఊడింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండిన మట్టిపెళ్ల విరిగినట్టు, మెత్తగా. పుర్రె తొమ్మిది ముక్కలైంది. కుడి చేతి వేళ్లు చెల్లాచెదురయ్యాయి. కింది దవడ మాత్రం ఆమె పాదం పక్కన బోర్లా పడి, చిల్లైనా పడకుండా ఉంది.

ముక్కలన్నీ ఏరి ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసి, స్టోరు గదిలో పైఅరలో దాచింది. అదే స్టోర్లో, మూతపడిన ఏదో వైద్య కళాశాల నుంచి ఎప్పుడో కొన్న ఎముకల పెట్టె ఉండేది. ఎవరివో తెలియదు. వాటికి రిజిస్టరు లేదు. అందులోంచి కొలత సరిపోయే పుర్రె తీసింది. ఇంకో మూలనుంచి కుడి చెయ్యి తీసింది. ఆ చెయ్యి చిన్నది, నున్నగా ఉంది, ఎదిగీ ఎదగని వయసుదై ఉండాలి. రాగి తీగతో బిగించింది. పాత దవడనే కొత్త పుర్రెకు తగిలించింది. పళ్లు కలవలేదు. కింది వరస పైవరసకు రవ్వంత పక్కకు ఉండిపోయింది, మాట చెప్పబోయి ఆగినట్టు.

కాలేజీ తెరిచిన రోజు తలుపు దగ్గర ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడింది. ముప్పై రెండు జతల కళ్లు. ఎదురుగా చూడటమే పనిగా పెట్టుకున్న కళ్లు. ఒక్కరూ ఏమీ అనలేదు. "సున్నం వేశాక వెలుతురు బాగుంది" అని మాత్రం ఒక మాస్టారు అన్నాడు.

ఆ మర్నాటి నుంచే తలుపు తట్టడం అలవాటైంది. లోపల ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురున్నారు. చెప్పాపెట్టకుండా తలుపు తీయడం బావుండదనిపించింది.

*

మైకు పిల్ల చిత్రపటం వేసింది. ఆరడుగుల గుడ్డ మీద ముఖం. పుర్రె ఎదురుగా పెట్టుకుని, ఎముక మీద కండ ఎలా అమరుతుందో లెక్కగా ఊహించుకుని, పద్ధతిగా గీసింది. కింద 'శ్రమజీవి తల్లి' అని రాసింది. ఒప్పుకోవాలి, పనితనం గొప్పది. పచ్చ రిబ్బను లేనివాళ్లు కూడా ఆగి చూశారు.

మధ్యాహ్నం క్లాసుల వేళ ముందు హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఎముకలక్క చూసింది. ముందుకు పొడుచుకొచ్చిన కనుబొమ గట్టు, లోతైన కళ్లు, బరువైన ముక్కు మొదలు. ఆడదాని జుట్టు కట్టుకుని ఒక ముసలాయన చూస్తున్నాడు. పెదవులు ఆ పిల్ల సరిగ్గానే పట్టింది, రవ్వంత పక్కకు. ఎవరో తెలియని మగవాడు, ఎవరికోసమో చేసిన గుడ్డలో దూరి, తన వైపే చూస్తున్నాడు. 'నన్నెందుకమ్మా పెట్టావిక్కడ' అని అడుగుతున్నట్టుంది.

ఆ తర్వాతి సోమవారం ఆమె బీరువా ముందుకు వచ్చి చెయ్యెత్తింది. ఇంకా తట్టలేదు. లోపల్నుంచి రెండుసార్లు 'టక్, టక్' మని వినిపించింది.

చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వానల్లో చెక్క ఉబ్బుతుంది, దవడ స్ప్రింగు సడలింది, ఎవరైనా నడిస్తే నేల కదిలి పళ్లు తగులుకుంటాయి. అవన్నీ ఆమెకు తెలుసు. నడవా అటు చివర నుంచి ఇటు చివరదాకా చూసింది. నరపురుగు లేదు. ఆ రోజు ఆమె తట్టలేదు. బీరువా తెరిచేసరికి దవడ వేలాడుతూ, నెమ్మదిగా, ఊగడం ఆపుతోంది.

*

"చెప్పేయవే" అన్నాడు మొగుడు, సంగతంతా విని. ఈసారి సవతి మాట ఎత్తలేదు. "చెప్పి చేతులు దులుపుకో."

"చెబితే చేతులే కాదు, ఉద్యోగం కూడా దులిపేస్తారు. రెండేళ్లు కూడా లేదు రిటైర్మెంటుకి."

"అయితే ఊరుకో. ఎముకలకేం తెలుసు?"

"ఆవిడ్ని పూడుస్తారు. తల మాత్రం నా బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది. ఇంకెవరి తలో పెట్టుకుని వెళ్లిపోతుంది. ఆ ముసలాయన ఒళ్లేమో స్టోర్లో తల కోసం చూస్తూ ఉంటుంది. నేను ఆ స్టోర్లోకి రోజూ వెళ్లాలి కదయ్యా."

ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

ముందు మైకు పిల్లకు చెప్పింది. మెట్ల కింద, పోస్టర్లు చుట్టిపెట్టే చోట. పిల్ల వింటూ వింటూ తెల్లబోయింది.

"ఎవరికైనా చెప్పావా అక్కా?"

"నీకే."

"చెప్పకు. నీకు దండం పెడతాను, ఇప్పుడొద్దు. గురువారం ఓటింగు. ఇది తెలిస్తే మొత్తం నవ్వులాటైపోతుంది. 'మగవాడికి తల్లి పటం కట్టారు' అంటారు. ఇంకెప్పుడూ ఎవరూ మా మాట వినరు."

"మరి ఆవిడ తల?"

"ఇది ఒక్క ఆవిడ గురించి కాదక్కా. అలాంటి వాళ్లందరి గురించి."

"అలాంటి వాళ్లందరి తలలూ నా దగ్గర లేవమ్మా. ఆవిడదే ఉంది."

పిల్ల పెదవి కొరుక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మాట మార్చుకోలేదు.

హెడ్డు సారు గదికి వెళ్లింది. ఆయన కుర్చీ వెనక గోడకు ఒక పాత బొమ్మ కట్టి ఉంది. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు గీసిన అస్థిపంజరం. బహుమతి వచ్చిందట. ఎముకలక్క ఆయనతో మాట్లాడుతూ ఆ బొమ్మ వైపే చూసింది. చిన్న నుదురు, నున్నటి కనుబొమ గట్టు, సరిగ్గా కలుసుకున్న పళ్లు. చూస్తే ఎవరో పిలిస్తే తిరగబోతున్న అమ్మాయిలా ఉంది.

"సార్, ఇప్పుడున్న తల ఆ తల కాదు."

ఆయన చదువుతున్న కాగితం కింద పెట్టాడు. "ఈ మాట ఎవరు చెప్పమన్నారు నీకు? వాళ్లా?"

"ఎవరూ కాదు సార్. నేనే మార్చాను. ఇరవై రెండేళ్లయింది."

"నేను దాన్ని ముప్పై అయిదేళ్లుగా చూస్తున్నాను. కళ్లు మూసుకుని గీయగలను. తల మారిస్తే నాకు తెలియదా?" ఆయన గొంతు ఒక్కసారి పెరిగి, మళ్లీ తగ్గింది. "ఇప్పుడు నువ్వూ ఒక కథ తేకు. వెళ్లు. ఈ మాట ఇంకెక్కడా అనకు."

అన్నాళ్ల గొడవలో ఆ రెండు పక్షాలూ ఒక్కటిగా అన్న మాట అదొక్కటే. ఇంకెక్కడా అనకు.

*

గురువారం ఓటింగులో పూడ్చాలన్నవాళ్లు రెండు ఓట్లతో గెలిచారు. శనివారం పదకొండు గంటలకు, కాలేజీ వెనక తోటలో.

శుక్రవారం పొద్దున్న నుంచి అందరూ పెద్ద హాల్లోనే ఉన్నారు. శనివారం ఎవరు మాట్లాడాలి, ఎవరు మాట్లాడకూడదు, ఏ మాట వాడాలి అని వాదన. కేకలు డ్రాయింగ్ హాలుదాకా వినిపిస్తున్నాయి. ఎముకలక్క తలుపు గడియ పెట్టింది. కిటికీలన్నీ తీసి ఉంచింది. ఎండ నేల మీద పలకల్లా పడి ఉంది.

ఆరోజు తట్టింది. రెండుసార్లు. ఆగింది. తెరిచింది.

ముందు చెయ్యి విప్పింది. ఒక్కో తీగా కత్తిరిస్తుంటే ఆ చిన్న వేళ్లు ఆమె అరచేతిలో ఒకదాని మీద ఒకటి చేరాయి, చలికి ముడుచుకున్నట్టు. శుభ్రమైన గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. తర్వాత తల. కొక్కెం విప్పి రెండు చేతుల్లోకి తీసుకుంటే ఎప్పుడూ ఉన్నంత బరువు లేదు. లేదా ఆమెకలా అనిపించింది.

"వెళ్దాం పెద్దాయనా. చాలాకాలం నిలబెట్టాను" అంది, పైకే.

బిస్కెట్ల డబ్బా మూత రాలేదు. గోరు విరిగింది. ముక్కలు ఇరవై రెండేళ్ల కింద ఏరినవి ఏరినట్టే ఉన్నాయి. జిగురు పెట్టి, ఒక్కోటీ పట్టుకుని, ఆరేదాకా లెక్కపెట్టుకుంటూ అతికించింది. కణత దగ్గర ఒక ముక్క దొరకలేదు. అక్కడ కందిగింజంత చిల్లు మిగిలింది. దాన్ని అలాగే వదిలేసింది. వేళ్లు కూర్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆఖరున దవడ తగిలించి వదిలింది.

పళ్లు 'టక్' మని కలుసుకున్నాయి. అంతటితో హాల్లో సద్దు లేదు. పెద్ద హాల్లో కేకలు కూడా అప్పుడే ఆగిపోయినట్టు, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు. ఆమె స్టూలు మీద కూలబడింది. ఎదురుగా ఉన్న ముఖాన్ని ఇరవై రెండేళ్ల తర్వాత చూస్తోంది. దానిది కోపమా, కాదా, ఎంత చూసినా తెలియలేదు.

*

శనివారం రెండు పక్షాలూ వచ్చాయి. పచ్చ రిబ్బన్లవాళ్లు వరసగా నిలబడ్డారు. అటువైపు హెడ్డు సారు, ఇంకో పదిమంది, డ్రాయింగ్ బోర్డులు తెచ్చుకుని కూర్చున్నారు. పూడ్చేలోపల చివరిసారి గీస్తారట. అదే వాళ్ల నిరసన. చెక్కపెట్టె మూత తీసి, అస్థిపంజరాన్ని అందులో పడుకోబెట్టి, తల కింద ఒక దిండు పెట్టింది ఎముకలక్క. పక్కనే చిత్రపటం నిలబెట్టారు.

పెట్టెలోని ముఖం మారింది. తొమ్మిది ముక్కల గీతలు, కణత దగ్గర చిల్లు. పచ్చ రిబ్బన్ల కళ్లలో నీళ్లున్నాయి. ఎదుటి వరసలో బొగ్గు పెన్సిళ్లు ఆడుతున్నాయి. ఇన్నేళ్లూ ఈ ముఖాన్నే గీశామన్న నమ్మకంతో, కాగితాలు నిండుతున్నాయి. ఎముకలక్క ఒక బోర్డు వెనకగా నడిచి చూసింది. ఆ కుర్రాడు చిల్లు వేయలేదు, గీతలు వేయలేదు. ముసలాయన తలే గీశాడు. పక్కవాడూ అంతే. ఆ పక్కవాడూ.

ఒక్క పెన్సిలు ఆగిపోయింది. హెడ్డు సారు లేచాడు. పెట్టె దగ్గరకు వచ్చి వంగి చూశాడు. బొగ్గు మరకల వేలు కనుబొమ గట్టు మీద ఆనీ ఆనకుండా నడిచి, కణత దగ్గర ఆగింది.

"ఇన్నేళ్లూ" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేలా, "నా చెయ్యి పాడైపోయిందనుకున్నాను. గీసింది గీసినట్టు రావడం లేదని సొంతంగా గీయడమే మానేశాను."

ఆమె వంగి దిండు అంచు సరిచేసింది.

మైకు పిల్ల ఉపన్యాసం కాగితం పట్టుకుని దగ్గరకు వచ్చింది. పెట్టెలోకి చూసింది. తల తిప్పి తన చిత్రపటాన్ని చూసింది. మళ్లీ పెట్టెలోకి. ఆ పిల్ల గొంతు మొదటిసారి ముందు వరసదాకా కూడా వినబడలేదు. "ఆమెను ఎవరూ అడగలేదు" అని చదివి, ఇంకా రెండు పేజీలున్నా మడిచేసింది.

"మూత వెయ్యి" అన్నాడు హెడ్డు సారు, ఎముకలక్కతో. తనే ఒక అంచు పట్టుకున్నాడు. రెండో అంచు మైకు పిల్ల పట్టుకుంది.

*

సోమవారం ఆయన పిలిపించాడు. ఇవాళ్టితో ఉద్యోగం సరి అనుకుంటూ వెళ్లింది. గోడ మీది పాత బొమ్మ దించి, బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు.

"మిగతా ఇద్దరు?"

"స్టోర్లో ఉన్నారు సార్. ఎవరి పెట్టె వాళ్లకి. పెద్దాయన ఒళ్లు, చెయ్యి తాలూకు పిల్లది కూడా, దొరికినంతవరకు సర్దాను. చీటీలు రాసి అంటించాను."

"ఏమని రాశావు?"

"'మగ, పెద్దవాడు, తల ఉంది' అని ఒకటి. రెండోది ఏం రాయాలో తెలియక వదిలేశాను."

ఆయన ఇక వెళ్లమన్నట్టు తల ఊపాడు. తర్వాత ఆమె మీద పైవాళ్లకు ఏ కాగితమూ రాయలేదు.

క్యాంటీన్‌లో ఇప్పటికీ రెండు క్యూలే. గొడవ ఇప్పుడు ఇంకో విషయం మీద. చిత్రపటం మాత్రం ముందు హాల్లోనే ఉంది. దాన్ని పెట్టించినవాళ్లు దించరు, వద్దన్నవాళ్లు ముట్టుకోరు. కొత్తగా చేరిన పిల్లలు దాని కింద నిలబడి ఫొటోలు దిగుతారు. తల్లి కళ్లు భలే వేశారు, ఎటు వెళ్లినా మనల్నే చూస్తున్నాయంటారు. మైకు పిల్ల చదువు అయిపోయి వెళ్లిపోయింది. వెళ్లేముందు రోజు ఆ పటం ముందు ఒక్కతే నిలబడి ఉండగా ఎముకలక్క చూసింది. పలకరించలేదు.

డ్రాయింగ్ హాల్లో ఇప్పుడు ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంది. దానికి బీరువా అక్కర్లేదు, అటెండరూ అక్కర్లేదు. ఆమెను లైబ్రరీకి మార్చారు. పత్రికల గదిలో పాత సంచికలు వరసలో పెడుతుంది. పదకొండు నెలల్లో రిటైర్ అవుతుంది. స్టోర్లో రెండో పెట్టె మీది చీటీ ఇంకా ఖాళీగానే ఉంది.